ఫ్యామిలీ రూములో కారం

యశవంతపుర మార్కెట్ దాటాక ఎడం పక్క
మెట్లెక్కితే ‘కుటుంబాలకు ప్రత్యేకం’ అని బోర్డు.
కుటుంబమంటే మేమే,
నేను, మంజప్ప, ఇద్దరు పిల్లలు,
బీపీ మాత్ర పర్సులో పెట్టుకొచ్చిన మా అత్తగారు.

ఇది పదకొండో హోటలు.
లెక్క నేనే పెట్టాను, గ్యాస్ పుస్తకం వెనకట్ట మీద.
జయనగరలో పప్పు బాగుంది,
మిరపకాయ మాత్రం పేరుకి వచ్చి పోయిన చుట్టం.
మారతహళ్ళిలో గోంగూరలో బెల్లం వేశారు.
ఆ మాట రాస్తుంటే పెన్సిలు ముల్లు విరిగింది.
కె.ఆర్.పురంలో కారం ఉంది, పిల్లల కుర్చీ లేదు,
పొగ, సీసాలు, పక్క బల్ల దగ్గర ఒకాయన ఏడుపు.
కారం వల్ల కాదు ఆ ఏడుపు.

మాది దర్శి దగ్గర.
కల్లాల్లో ఆరబోసిన ఎరుపు పక్కనించి
ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని కాలేజీకెళ్ళినదాన్ని.
మంజప్పది బ్యాడగి.
అక్కడి మిరపకాయకి పట్టుచీర మడతల్లా ముడతలు,
కూర నిండా కుంకుమ రంగు,
నాలిక మీద మాత్రం ఒక్క పరుషమైన మాట ఉండదు.
పెళ్ళయిన కొత్తలో
ఆ మనిషీ అంతే అనుకున్నాను.
కాదు. అది వేరే కథ.

వెయిటర్ వచ్చాడు.
‘లైటా, మీడియమా మేడమ్?’
కారాన్ని చొక్కా సైజులా అడుగుతాడు.
‘పూర్తిగా’ అన్నాను.
‘పిల్లలున్నారు కదా’ అని
తనే ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

వచ్చిన కోడివేపుడు ఎర్రగా సిగ్గుపడుతూ ఉంది, అంతే.
తన్మయ్ దాన్ని సాస్‌లో ముంచుకుని తిన్నాడు.
అది చూశాక లేచి
చేతులు కడుక్కునే వంక పెట్టుకున్నాను.

కుళాయి పక్క వంటింటి తలుపు సగం తెరిచి ఉంది.
బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని
వంటాయన తన అన్నం తాను తింటున్నాడు.
పళ్ళెంలో పొగలు, ఒక పక్కన
ఎండుమిర్చి, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచిన తొక్కు,
దాని మీద పచ్చి నూనె.
నాకు తుమ్మొచ్చింది.
ఒకటి కాదు, వరసగా నాలుగు.

‘ఏ ఊరమ్మా?’ అన్నాడు తలెత్తకుండానే.
చెప్పాను.
‘మాది పొదిలి’ అన్నాడు, ఇంకేం అడగలేదు.
టీ సాసర్లో ఇంత పెట్టి చేతికిచ్చాడు.
‘ఓనరుకి తెలియనీయకండి.
ఫ్యామిలీలకి ఇది పెట్టొద్దన్నాడు.’

సాసర్ని కొంగు చాటున
దొంగబంగారంలా బల్ల దగ్గరికి తెచ్చాను.
ముందు వేలు పెట్టింది ఎవరనుకున్నారు,
మా అత్తగారు!
కళ్ళు మూసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.
మేం ముగ్గురం మాత్రల పర్సు వైపు చూశాం.
ఆవిడ కళ్ళు తెరిచి
‘ఇన్నూ స్వల్ప అన్న హాకు’ అంది,
పళ్ళెం ముందుకు తోసి.
పదేళ్ళుగా ఆవిడ చప్పిడి సారు తాగుతోంది,
డాక్టరు చెప్పాడని కొంత,
నన్ను మెచ్చుకోవడం ఇష్టంలేక కొంత.

మంజప్ప ముక్కు చీదుకుంటూ తిన్నాడు.
తన్మయ్ దగ్గరికి రాలేదు.
ఇంచర ఒక మెతుకుకి అద్దుకుని
నోట్లో పెట్టుకుని, కెవ్వుమని,
నీళ్ళు, మజ్జిగ, గల్లాపెట్టె దగ్గరి సోంపు చక్కెర,
అన్నీ అయ్యాక
నేను బిల్లు చూసుకుంటుంటే
మళ్ళీ సాసర్లో వేలు.

పుస్తకంలో ఏం రాయాలి?
హోటలు పేరు రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది.
‘పదకొండు’ అని రాసి
ఎదురుగా ఖాళీ వదిలేశాను.

పీణ్య దాకా ఆటోలో ఐదుగురం.
గొరగుంటెపాళ్య సిగ్నల్లో
ఇంచర అదే చేత్తో కన్ను నలుపుకుంది.
ఇక చూడండి.
ఒళ్ళోకి లాక్కుని, రెప్ప విప్పి పట్టుకుని
ఊదాను.
ఇంకా గట్టిగా ఏడ్చింది పిల్ల.
నా ఊపిరి నిండా అదే కారం.